మన వస్తువులను కాపాడే చదువు
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చదివిన చదువు గురించి పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పు" అని సంఘం పెద్దలు నన్ను పిలిచారు. ఆ చదువుకు మా ఊళ్లో ఇప్పటికీ పేరు లేదు. మా అమ్మను అడిగితే "పాత సామాన్లు తుడిచే చదువు" అంటుంది. కాలేజీలో దాన్ని సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ శాస్త్రం అంటారు. పేరు పెద్దదే కానీ మా అమ్మ చెప్పింది కూడా అబద్ధం కాదు. తుడవడం ఎట్లా, ఎప్పుడు తుడవకూడదు అన్నది తెలుసుకోవడానికే మాకు రెండేళ్లు పట్టింది.

నేను ఈ చదువులోకి ఎందుకు వచ్చానో ముందు చెప్తాను. మా ఊళ్లో ఒక పర్ధాన్ తాత ఉండేవాడు. కిక్రి వాయిస్తూ మా సగల కథలు చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. 1940లలో హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో గోండి చదువులు మొదలుపెట్టినప్పుడు మనవాళ్లు కొందరు దేవనాగరి అక్షరాలు నేర్చుకున్నారు కదా, ఆ అక్షరాల్లోనే తాత వాళ్ల నాయన రాసిపెట్టాడు. ఏ ఇంటివాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి తర్వాత ఎవరు అన్నది వరుసగా రాసుంది. ఇంటికి వచ్చిన కోడళ్ల పేర్లు, వాళ్ల పుట్టింటి ఇంటిపేర్లు అంచుల్లో చిన్నగా రాసుకున్నాడు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఆ పుస్తకం చెదలు పడుతుందని మనవాళ్లే ఒకరు మంచి మనసుతో పట్నం తీసుకుపోయి ప్రతి పేజీనీ లామినేషన్ చేయించారు. కుట్టు విప్పారు. ప్లాస్టిక్ కవరులో పట్టడానికి నాలుగు వైపులా అంచులు కత్తిరించారు. తాత చేతికి తెచ్చి ఇచ్చినప్పుడు అవి కొత్త ఐడీ కార్డుల్లాగా మెరుస్తున్నాయి. ఆయన ఒక్కొక్కటి తిప్పి చూశాడు. చివరకు "కోడళ్లు ఏరి?" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. కోడళ్లందరూ కత్తెర పాలయ్యారు. అందులో మా నాయనమ్మ పేరు కూడా ఉంది.

దాన్ని మళ్లీ విడదీయవచ్చా అని నేను చాలాచోట్ల అడిగాను. వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోతుంది. లాగితే కాగితం వస్తుంది, అక్షరం వస్తుంది. కాలేజీలో మాకు చెప్పిన మొదటి సూత్రం ఇదే: నువ్వు చేసిన పనిని రేపు ఇంకొకరు విప్పగలగాలి. ఆ మాట విన్నరోజు నాకు తాత చేతిలో మెరిసిన ఆ కాగితాలే గుర్తొచ్చాయి. చెడు జరిగింది ద్వేషం వల్ల కాదు, ప్రేమ వల్ల. ప్రేమకు తోడు కొంచెం కెమిస్ట్రీ ఉంటే ఆ పేర్లు మిగిలేవి.

ఇక చదువు సంగతి. వస్తువు ఊరికే పాడవదు. నీళ్లు, వెలుతురు, పురుగు, మనిషి చెయ్యి, ఈ నాలుగూ దాని శత్రువులు. ఏ వస్తువు దేనితో తయారైందో తెలిస్తే ఏ శత్రువు దాని మీదికి వస్తాడో తెలుస్తుంది. మన వస్తువులతోనే చెప్తాను.

తుడుం, డోలు, పర్ర తీసుకోండి. మీదున్నది తోలు. తోలంటే కొలాజెన్ అనే ప్రోటీన్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే వానాకాలంలో తుడుం మెత్తబడి మొద్దుగా మోగుతుంది. మన పెద్దలు వాయించే ముందు మంట దగ్గర కాస్త చూపిస్తారు. తేమ పోతుంది, తోలు బిగుస్తుంది, శబ్దం లేస్తుంది. నేను ల్యాబులో తేమ కొలిచే మీటరు పట్టుకుని నేర్చుకున్న పాఠం మా కాకా అరచేత్తో తట్టి చెప్తాడు. మంటకు ఎంత దూరంలో పట్టాలో కూడా ఆయనకు తెలుసు. ఎక్కువైతే కొలాజెన్ ముడుచుకుపోతుంది, ఇక అది తిరిగి రాదు.

ఉషేగావ్ వోజలు పోసే డోక్రా బొమ్మలు తీసుకోండి. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. ఆ సన్నని దారాల గీతలే దాని అందం. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగి. ఉప్పు తగిలి, తేమ కూడా తోడైతే రాగి మీద లేత ఆకుపచ్చ పొడి లేస్తుంది. తుడిచినా మళ్లీ వస్తుంది, లోపలికి తింటూ పోతుంది. మన చేతి చెమటలో కూడా ఉప్పు ఉంటుంది. మేము చేతికి తొడుగులు వేసుకునేది గొప్ప కోసం కాదు. ఇంట్లో రోజూ వెలిగించే దీపాన్ని చింతపండుతో తోముకోండి, అది మీ ఇంటి పద్ధతి. తాతల నాటి పాత బొమ్మను మాత్రం అట్లా తోమకండి. పులుపు ప్రతిసారీ కొంచెం లోహాన్ని తీసుకుపోతుంది. కొన్నేళ్లకు మైనం దారపు గీత అరిగి నున్నగా అవుతుంది.

ఇప్పుడు మల్‌బూర. నెమలి ఈకలో నీలం, ఆకుపచ్చ రంగులు నిజానికి రంగులు కావు. ఈక కెరటిన్‌తో తయారవుతుంది, మన గోళ్లు, వెంట్రుకలు కూడా అదే. అందులో కంటికి కనిపించనంత చిన్న కడ్డీలు వరుసగా అమరి ఉంటాయి. వెలుతురు వాటి మధ్య పడి నీలంగా, పచ్చగా తిరిగి వస్తుంది. ఈకను నూరితే నీలం పొడి రాదు, నల్లటి పొడి వస్తుంది. అమరిక చెదిరితే రంగు పోతుంది. ఇది చదివిన రోజు హాస్టల్‌లో రాత్రంతా నిద్రపట్టలేదు. దీపావళికి గుస్సాడి తల ఊపినప్పుడు రంగు ఎట్లా మారుతుందో చిన్నప్పటి నుంచి చూశాను. ఎందుకు మారుతుందో అప్పుడే తెలిసింది.

మరి ఈ చదువు ఎక్కడుంది? ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ అని 1989లో మొదలైంది. ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అంటున్నారు, నోయిడాలో ఉంది. అక్కడ పరిరక్షణలో ఎంఏ ఉంది. బరోడా యూనివర్సిటీలో 1952 నుంచి మ్యూజియాలజీ విభాగం ఉంది. లక్నోలో 1976లో పెట్టిన జాతీయ పరిశోధనశాల ఒకటి ఈ పనికోసమే ఉంది, శిక్షణ కూడా ఇస్తుంది. పురావస్తు శాఖలో సైన్స్ విభాగం 1917 నుంచి పనిచేస్తోంది, దాని ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్. మనకు దగ్గరలో చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ ల్యాబు ఉంది. సీట్లు, అర్హతలు ఏటా నోటిఫికేషన్ చూసుకోవాలి. నా సలహా ఒకటే. ఇంటర్‌లో సైన్స్ తీసుకున్నవాళ్లు కెమిస్ట్రీని వదలకండి. ఈ చదువుకు అది వెన్నెముక.

విదేశాల్లో చదవాలనుకునేవాళ్లకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 20 మందికి ఇస్తారు. అందులో 3 ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ తెగలవాళ్లకు. కొలాం, తోటి చెల్లెళ్లు, తమ్ముళ్లు ఇక్కడ కూర్చున్నారు, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

చదువు ఎట్లా ఉంటుందని అడుగుతారు. పొద్దున కెమిస్ట్రీ, మధ్యాహ్నం చేతిపని. చిరిగిన కాగితానికి పలుచటి జపాన్ కాగితం, గోధుమ పిండి జిగురుతో అతుకు వేయడం నేర్చుకోవడానికి నాకు ఒక నెల పట్టింది. ఆ అతుకు నీటితో తడిపితే ఊడి రావాలి. ఊడి రాకపోతే మార్కులు లేవు. గట్టిగా అంటుకున్నదే మంచిదనుకునే లోకంలో, ఊడిరావడమే మంచిదని చెప్పే చదువు ఇది.

చేదు కూడా చెప్పాలి. శిక్షణలో భాగంగా నన్ను ఒక మ్యూజియం గోదాములోకి పంపారు. ఒక అరలో కిక్రి కనిపించింది. తీగలు తెగిపోయి ఉన్నాయి. చీటీ మీద నంబరు, "ట్రైబల్ వయొలిన్" అన్న మాట, అంతే. ఏ ఊరిది, ఏ సగ వాళ్లది, ఎవరు వాయించారు, ఏ దేవుని కథకు తీశారు, ఏమీ లేదు. నేను చేతిలోకి తీసుకోబోతే అక్కడి సారు "తొడుగులు వేసుకో, పాత మందు ఉండొచ్చు" అన్నారు. వెనకటి రోజుల్లో ప్రపంచమంతా మ్యూజియంలలో పురుగు పట్టకుండా తోలు, ఈకల వస్తువులకు ఆర్సెనిక్, పాదరసం లవణాలు పూసేవాళ్లు. అమెరికాలో 1990లో చట్టం వచ్చాక మ్యూజియంలు హోపి తెగకు వాళ్ల పవిత్ర వస్తువులు తిరిగి ఇచ్చాయి. కొన్నింటిలో ఆర్సెనిక్ బయటపడింది. ఇంటికి వచ్చిన దేవుని వస్తువును తలమీద పెట్టుకోలేని పరిస్థితి. ఇప్పుడైతే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ అనే యంత్రంతో వస్తువును గీకకుండానే ఆ విషం ఉందో లేదో చూడవచ్చు. రేపు మన వస్తువులు ఏ మ్యూజియం నుంచైనా మన ఊళ్లకు తిరిగి వస్తే, ముందు ఈ పరీక్ష అడగాలని తెలిసినవాడు మనలో ఒకడు ఉండాలి కదా?

చివరగా మా ఊరి సంగతి. నా చదువు అయిపోయిన ఏడాది, పొలాల అమావాస్య దాటాక కాకా ఫోన్ చేశాడు. "పైనుంచి పొడి రాలుతోంది బిడ్డా, మల్‌బూరలో ఏదో పడింది" అన్నాడు. పోయి చూశాను. ఈకలను, తోలును తినే చిన్న పురుగు. దాని పిల్ల గొంగళిలా వెంట్రుకలతో ఉంటుంది. అదే తినేది. దండారికి రెండు నెలలు ఉంది.

నేను గబగబా చదివింది అప్పజెప్పాను. "పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే పురుగు, గుడ్డు అన్నీ చస్తాయి. ఉట్నూరులో ఐస్‌క్రీం దుకాణంలో పెద్ద ఫ్రీజర్ ఉంది, అడుగుదాం." ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కొంచెం సేపటికి దేవారి తాత అన్నాడు: "దేవుని టోపీని ఐస్‌క్రీంల పక్కన పెడతావా?"

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. నేను పురుగు గురించే ఆలోచించాను. ఆయన టోపీ గురించి ఆలోచించాడు. ఆ రాత్రి మా మేడంకు ఫోన్ చేశాను. ఇంకో దారి ఉందని గుర్తుచేసింది. గాలి చొరని ప్రత్యేకమైన కవరులో వస్తువును పెట్టి, ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లాలు వేసి, అంచులు వేడితో మూసేయాలి. లోపల ఆక్సిజన్ అర శాతం కంటే తగ్గాలి. మూడు వారాలు అట్లా ఉంచితే పురుగుకు ఊపిరి ఉండదు. మందు లేదు, విషం లేదు, ఊరు దాటాల్సిన పని లేదు.

పెద్దలు మూడు షరతులు పెట్టారు. కవరు అద్దంలా కనిపించాలి. మల్‌బూర పటేల్ ఇంట్లోనే ఉండాలి. దింపేటప్పుడు, ఎక్కించేటప్పుడు దేవారి చెయ్యే పడాలి. మూడింటికీ ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే మూడూ మంచి షరతులే. మూడు వారాలూ ఊరివాళ్లు వచ్చి కవరులోకి తొంగి చూసిపోయేవాళ్లు. పిల్లలైతే పురుగు చచ్చిందా అని నన్ను పొద్దునే లేపేవాళ్లు.

పురుగు చచ్చింది. తర్వాతే అసలు గొడవ. తిన్న ఈకలు చాలా ఉన్నాయి. అవి మా తాతల కాలంలో కట్టినవి. వాటిని అట్లాగే ఉంచాలని నేను పట్టుబట్టాను. వీలైనంత తక్కువ ముట్టుకో, పాతది పాతదిగానే ఉండనివ్వు అన్నది నా చదువు. కాకా ఒప్పుకోలేదు. "గుస్సాడి బోసి టోపీతో ఆడతాడా? తిన్నవి తీసి కొత్తవి కట్టడం మా నాయన చేశాడు, నేను చేస్తాను" అన్నాడు. నేను ఓడిపోయాను. ఓడిపోయినదాన్ని పక్కన కూర్చుని ప్రతి ముడినీ ఫోటో తీశాను, తీసిన ఈకలను లెక్కపెట్టి కాగితంలో చుట్టి పేరు రాసి పెట్టాను.

అప్పుడు తెలిసింది. మా ఊళ్లో ఆ ముడి వేయడం కాకాకు, ఇంకొక ముసలాయనకు తప్ప ఎవరికీ రాదు. పదో తరగతి చదివే ఇద్దరు పిల్లలు ఊరికే చూడ్డానికి వచ్చి, దారం అందిస్తూ అందిస్తూ, రెండో రోజుకు వాళ్లే ముడి వేశారు. నేను చెప్పినట్టు పాత టోపీని ముట్టకుండా పెట్టెలో పెట్టి ఉంటే టోపీ మిగిలేది, ముడి పోయేది. ఆ దీపావళికి ఆ మల్‌బూర ఆడింది. వెలుతురులో నీలం మారింది. ఆ ఇద్దరు పిల్లలు ఎవరి వైపూ చూడలేదు, టోపీనే చూస్తున్నారు.

కాబట్టి ఈ చదువు మొత్తం తప్పని నేను అనను. కవరు లేకపోతే మల్‌బూర దండారి దాకా వచ్చేదే కాదు. చదువు ఒక్కటే చాలదని మాత్రం అంటాను. మార్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడికి పద్మశ్రీ వచ్చింది. ఆయన అడుగు ఏ అద్దాల పెట్టెలోనూ లేదు. నేర్చుకున్నవాళ్ల కాళ్లలో ఉంది. మన వస్తువుల్లో సగం అట్లాంటివే. మన పేర్సపేన్ వస్తువుల సంగతి నేను ఈ వేదిక మీద మాట్లాడను, ఆ అధికారం కటోడాలది. ఏది చూపాలి, ఏది చూపకూడదు అని తెలుసుకోవడం కూడా పరిరక్షణలో పాఠమే. బయటివాడికి అది పుస్తకంలో నేర్పాలి. మీకు ఇంట్లోనే తెలుసు. అందుకే ఈ చదువుకు మీరు కావాలి.

గుంజాల సంగతి మీకు తెలుసు. ఊళ్లో పాత కాగితాలు ఇళ్లలో ఉండబట్టే, చదవగలిగిన ముసలివాళ్లు కొద్దిమంది బతికి ఉండబట్టే ఆ లిపి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఈరోజు ఫోన్‌లో ఆ అక్షరం టైప్ చేయవచ్చు. ఆ కాగితాలను కూడా ఎవరో ప్రేమతో కత్తిరించి ఉంటే?

ఇంటికి పోయాక చేయాల్సిన నాలుగు పనులు చెప్పి ముగిస్తాను. పాత కాగితాలకు, ఫోటోలకు లామినేషన్, సెల్లో టేపు, ఫెవికాల్ వద్దు. శుభ్రమైన నూలు బట్టలో చుట్టి, నేలకు, గోడకు తగలకుండా పొడిచోట పెట్టండి. ఫోన్‌తో ఫోటో తీయండి, అంచులు కూడా వచ్చేటట్టు తీయండి. తీసే ముందు పెద్దవాళ్లను అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. పురుగు కనిపిస్తే మందు కొట్టకండి, ముందు వస్తువును విడిగా కవరులో పెట్టి తెలిసినవాళ్లను అడగండి. అన్నిటికంటే ముందు, ఆ వస్తువు ఎవరిది, ఎక్కడిది, ఎవరు చేశారు అన్నది ఒక కాగితం మీద రాసి దాని పక్కన పెట్టండి. గోదాములో ఆ కిక్రికి లేనిది అదే.

పర్ధాన్ తాత ఇప్పుడు లేడు. పోయే ముందు ఆయన దగ్గర కూర్చుని కోడళ్ల పేర్లు అడిగి రాసుకున్నాను. గుర్తున్నవి చెప్పాడు. అన్నీ రాలేదు. మా నాయనమ్మ పేరు నాకు తెలుసు కాబట్టి అది రాశాను. మిగతా ఖాళీలు అట్లాగే ఉన్నాయి. మీ ఇళ్లలో ముసలమ్మలు ఉన్నారు. వాళ్ల పుట్టింటి పేరు అడగండి. ఈరోజే అడగండి.

మీలో ఒక్కరైనా కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని ఈ దారిలో వస్తే, నాకు తెలిసిందంతా ఇస్తాను. కాకా దగ్గర ముడి కూడా నేర్చుకుని రండి. అది నాకు ఇంకా సరిగా రాలేదు.

అందరికీ రామ్ రామ్. జై సేవ.